గేదె కొవ్వులో పసుపు వెతికేవాళ్లకు

"గడ్డి మేసిన గేదె మాంసం ఔషధం, దాణా తిన్న గేదె మాంసం విషం" అనే మెసేజ్ ఒకటి గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. దాని సారం ఇది. గడ్డి మేసినదాని కొవ్వు పసుపుగా ఉంటుందట, దాణా తిన్నదానిది తెల్లగా పాలిపోయి ఉంటుందట. దాణా వల్లే మాంసం నల్లబడి గట్టిపడుతుందట. గడ్డి మేసినదాంట్లో ఒమేగా-3 చేపలతో సమానమట. యూరియా కలిపిన గడ్డి పెడితే ఆ యూరియా మన కంచంలోకి వస్తుందట. చివరగా, గేదెకు గడ్డి ఒక్కటే చాలట.

రాసినవాళ్లకు ఆవు గురించి కొంత తెలుసు. దాన్నే గేదెకు అతికించారు.

కొవ్వు రంగు సంగతే చూడండి. పచ్చిగడ్డిలో కెరోటిన్ అనే పసుపు రంగు పదార్థం ఉంటుంది. ఆవు దాన్ని పూర్తిగా విటమిన్-ఎగా మార్చుకోదు, మిగిలింది కొవ్వులో చేరుతుంది. అందుకే గడ్డి మేసిన ఆవు కొవ్వు పసుపుగా ఉంటుంది. గేదె మాత్రం దాదాపు మొత్తం మార్చేసుకుంటుంది. రెండూ ఒకే చేలో మేసినా ఆవు వెన్న పచ్చగా, గేదె వెన్న తెల్లగా ఉండటానికి కారణం ఇదే. పాలల్లో అందరికీ కనబడే ఈ తేడా మాంసానికి వచ్చేసరికి ఎలా మరిచిపోయారో! ఈ పరీక్ష ప్రకారం పుట్టినప్పటి నుంచి పచ్చిక మీదే పెరిగిన గేదె కూడా ఫెయిలే. గేదె మాంసమని ఇచ్చినదాంట్లో నిజంగానే పసుపు కొవ్వు కనబడితే, అది అసలు గేదెదేనా అని ముందు అనుమానించాలి.

ఇక నలుపు, గట్టిదనం. మెసేజ్‌లో అన్నిటికన్నా పెద్ద పొరపాటు ఇక్కడే ఉంది.

మాంసానికి ఎరుపు ఇచ్చేది మయోగ్లోబిన్. వయసు పెరిగేకొద్దీ, కండరం పనిచేసేకొద్దీ అది పెరుగుతుంది. గేదెలో సహజంగానే ఎక్కువ. రోజంతా తిరిగి మేసి, నిదానంగా పెరిగి, పెద్ద వయసులో కోతకు వచ్చిన జంతువు మాంసమే సాధారణంగా ముదురుగా ఉంటుంది. అంటే మెసేజ్ చెప్పిందానికి దాదాపు తిరగబడిన వరస. నలుపుకు ఇంకో కారణం కూడా ఉంది. కోతకు ముందు ఆకలితో, దూర ప్రయాణంతో, బెదురుతో కండరంలో నిల్వ ఉన్న గ్లైకోజెన్ అనే పిండి పదార్థం ఖర్చయిపోతే, కోశాక మాంసంలో పుట్టాల్సిన ఆమ్లం పుట్టదు. ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే కొలత పీహెచ్. మామూలుగా 5.5 దగ్గరికి దిగాల్సిన అది 6 పైనే ఆగిపోతుంది. అలాంటి మాంసం నల్లగా, జిగటగా ఉంటుంది, త్వరగా పాడవుతుంది. ఏడాదంతా ఏం తిన్నదన్న దానికంటే చివరి ఒకటి రెండు రోజులు ఎలా గడిచాయన్నదే ఇక్కడ ముఖ్యం.

గట్టిదనం సంగతికొస్తే, గేదె మాంసం అంటేనే నారలాంటిదన్న పేరు ఎందుకొచ్చింది? చాలాచోట్ల కోతకు వచ్చేవి ఎన్నో ఈతలు ఈని ఒట్టిపోయిన గేదెలు, పనిచేసి అలిసిన దున్నపోతులు. కండరాన్ని పట్టి ఉంచే కొల్లాజెన్ పోగుల మధ్య ముడులు వయసుతో బిగుస్తాయి. లేత మాంసంలో అది ఉడికేటప్పుడు కరిగి జిగురవుతుంది, ముదురుదాంట్లో ఎంత ఉడికించినా మొండికేస్తుంది. బాగా మేపిన రెండేళ్ల దున్న మాంసాన్నీ పన్నెండేళ్ల గేదె మాంసాన్నీ పక్కపక్కన పెట్టి తేడా అంతా మేతదే అంటే ఏం చెప్పాలి?

అలాగని మేతకు సంబంధం లేదని కాదు. అది పనిచేసేది వయసు దారిలో. వరిగడ్డిలో ప్రొటీన్ 3-4 శాతం మించదు. పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు సరిగ్గా పనిచేయాలంటే మేతలో కనీసం 7 శాతమైనా ఉండాలి. అందుకే ఒట్టి ఎండుగడ్డి మీద పెరిగే దూడ నెలల తరబడి బరువు పెరగదు. కోతకు తగిన బరువు వచ్చేలోపు ఏళ్లు గడుస్తాయి, కొల్లాజెన్ బిగుస్తుంది. అదే దూడకు పచ్చిమేత, నూనె తీసిన గింజల చెక్క, తవుడు, కొంత గింజ కలిపి పెడితే లేత వయసులోనే ఆ బరువు వస్తుంది. పైగా ఒంటి మీద పలచగా పట్టిన కొవ్వు, కోశాక శీతల గదిలో దుప్పటిలా పనిచేస్తుంది. కొవ్వు లేని బక్క కళేబరం మరీ త్వరగా చల్లబడితే కండరాలు బిర్రుగా ముడుచుకుని మాంసం గట్టిపడుతుంది. కాబట్టి కొలతగా పెట్టిన దాణా మాంసాన్ని మెత్తబరిచే వైపే సాయపడుతుంది.

ఎదుటి పక్షం వాళ్లకూ ఒక మాట. దాణా దండిగా పెడితే గేదె మాంసంలో వెన్న గీతల్లా కొవ్వు అల్లుకుంటుందని చెప్పేవాళ్లున్నారు. అది కొన్ని ఆవు జాతుల లక్షణం. గేదె కండరం లోపల కొవ్వు సాధారణంగా 1-2 శాతమే. ఎక్కువ మేపితే కొవ్వు కడుపులోనూ చర్మం కిందా పేరుకుంటుంది, కండలోకి వెళ్లేది కొంచెమే.

ఒమేగా-3 గురించి మెసేజ్ చెప్పిందాంట్లో సగం నిజం. పచ్చిగడ్డిలో ఒమేగా-3 రకానికి చెందిన లినోలెనిక్ ఆమ్లం ఎక్కువ, గింజల్లో ఒమేగా-6 ఎక్కువ. పచ్చిక మేసిన జంతువులో ఈ రెండింటి నిష్పత్తి మెరుగ్గా ఉంటుంది, ఒప్పుకోవాల్సిందే. కానీ మేతలోని ఆ కొవ్వులో అధిక భాగాన్ని పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు సంతృప్త కొవ్వుగా మార్చేస్తాయి. మిగిలిందెంతో లెక్కేద్దాం. 100 గ్రాముల పల్చటి మాంసంలో కొవ్వు ఒకటిన్నర గ్రాములు అనుకుందాం. అందులో 2 శాతం ఒమేగా-3 అనుకున్నా వచ్చేది 30 మిల్లీగ్రాములు. కొవ్వున్న సముద్రపు చేపలో అదే 100 గ్రాములకు 1000 మిల్లీగ్రాములు దాటుతుంది. నిష్పత్తి బాగుండటం వేరు, మొత్తం ఎక్కువుండటం వేరు.

యూరియా భయం అర్థం చేసుకోదగ్గదే, పొలంలో చల్లే ఎరువు కదా. చేసేదేమిటంటే, 100 కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియాను నీళ్లలో కరిగించి చల్లి, గాలి చొరకుండా మూసి మూడు వారాలు మాగబెడతారు. యూరియా అమ్మోనియాగా విడిపోయి గట్టి పీచును సడలిస్తుంది. తిన్నాక అమ్మోనియాను సూక్ష్మజీవులు తమ ప్రొటీన్‌గా మార్చుకుంటాయి, వాటినే గేదె అరిగించుకుంటుంది. ఎక్కువైంది కాలేయంలో మళ్లీ యూరియాగా మారి మూత్రంలో పోతుంది. కొంత లాలాజలంతో తిరిగి పొట్టలోకి చేరుతుంది. ఏ మేతా లేకుండానే మన రక్తంలోనూ యూరియా ఉంటుంది. మోతాదు తప్పితే గేదె గంటల్లో చచ్చిపోవచ్చు, ఆ ప్రమాదం నిజం. మాంసంలో పేరుకుని మనిషి దగ్గరికి వస్తుందన్నది మాత్రం కల్పన. విషం గురించే భయమైతే బూజు పట్టిన చెక్కను చూసి భయపడాలి. అందులోని అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం పాలల్లోకీ కాలేయంలోకీ చేరుతుంది.

చివరి మాట, "గడ్డి ఒక్కటే చాలు". ఏ గడ్డి? గింజ ఒక్కసారిగా ఎక్కువ పెడితే పొట్ట పులిసి గేదె జబ్బు పడుతుంది కాబట్టి పీచు ఉండాల్సిందే, అంతవరకు సరే. కానీ పచ్చిగడ్డీ ఎండుగడ్డీ ఒకటి కావు. పచ్చిగడ్డిలో విటమిన్-ఇ ఉంటుంది. అది కండలో చేరి కోసిన మాంసం ఎరుపు తొందరగా గోధుమ రంగుకు తిరగకుండా కాపాడుతుంది. ఎండలో పడి ఆరిన గడ్డిలో ఆ విటమిన్ చాలావరకు పోతుంది, కెరోటిన్ కూడా అంతే. ఏడాది పొడవునా ఎండు వరిగడ్డి నములుతూ పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్న గేదె కూడా ఈ మెసేజ్ ప్రకారం "గడ్డి మేసిన గేదె"యే.