బాంబుల మధ్య పెరిగితే గట్టిపడతారా?

"ప్రపంచ యుద్ధంలో లండన్ శివార్ల పిల్లలు బాంబులు పడుతున్నా నవ్వుతూ బడికి వెళ్లారు. మన పిల్లలకేమో ఫోనులో చార్జింగ్ అయిపోతే ఏడుపు." బంధువుల వాట్సాప్ గ్రూపులో ఈ సందేశం మళ్లీ తిరుగుతోంది. కింద వరసగా చప్పట్లు, దండాలు. ఒళ్లు మండి రాస్తున్నాను.

నవ్వుతూ వెళ్లారన్న మాట అబద్ధమేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధమప్పుడు లండన్ శివార్లలోని క్రాయ్‌డన్ లాంటి పేటల్లో పదేళ్ల వయసున్నవాళ్లు పెద్దయ్యాక చెప్పుకున్న కబుర్లలో సగం ఆటలే. రాత్రంతా విమానాల మీదికి తుపాకులు పేలాక, తెల్లవారి బడికి పోతూ దారి పొడవునా పేలిన గుండ్ల ఇనుప ముక్కలు ఏరుకునేవారు. ఇంకా వేడి చల్లారని ముక్క దొరికినవాడే ఆ రోజుకు రాజు. బడి ఆవరణలో వాటికి మారకం బేరాలు కూడా నడిచేవి. పెరట్లో గొయ్యి తీసి దింపిన ఇనుప రేకుల ఆండర్సన్ షెల్టరు పగలు వాళ్లకు కోట. రాత్రి అదే షెల్టరులో, వానకు ఊరిన నీళ్ల పక్కన, తల్లి ఒళ్లో నిద్ర.

1944 జూన్ నుంచి జర్మనీ వదిలిన, పైలట్ లేని వీ-1 ఎగిరే బాంబులు వచ్చాయి. లండన్ ప్రాంతంలో వాటి దెబ్బ అందరికంటే ఎక్కువ తిన్నది క్రాయ్‌డనే. దాని ఇంజను మోత వినిపిస్తున్నంతసేపూ ఫరవాలేదు, అది ముందుకు పోతోందని అర్థం. మోత ఆగిందంటే కిందికి దిగుతోందని. బల్ల కిందికి దూరి, ఊపిరి బిగబట్టి, ఎక్కడో పేలిన చప్పుడు వినపడగానే హమ్మయ్య అనుకోవాలి. మన ఇంటి మీద కాదు, ఇంకెవరి ఇంటి మీదో పడింది కనుక. ఎనిమిదేళ్ల పిల్లకు ఆ హమ్మయ్య అలవాటు కావడాన్ని ధైర్యం అని మెచ్చుకోవడానికి నాకైతే మనసు రాదు.

అసలు ఈ కబుర్లు చెప్పింది బతికి బట్టకట్టినవాళ్లు. 1943 జనవరి 20న లండన్‌లోనే క్యాట్‌ఫర్డ్‌లోని శాండ్‌హర్స్ట్ రోడ్డు బడి మీద మధ్యాహ్న భోజనాల వేళ బాంబు పడి 38 మంది పిల్లలు, ఆరుగురు టీచర్లు చనిపోయారు. బ్రిటన్ మొత్తం మీద వైమానిక దాడుల్లో పోయిన పిల్లలు 7,000కు పైనే. వాళ్లు గట్టిపడ్డారో లేదో ఈ సందేశం రాసిన మహానుభావుణ్ణే అడగాలి.

పోనీ, బాంబులు తప్పించుకున్నవాళ్లంతా హాయిగా ఉన్నారా? 1939 సెప్టెంబరు మొదటి మూడు రోజుల్లోనే సుమారు 15 లక్షల మందిని నగరాల నుంచి తరలించారు. సగానికి పైగా బడి పిల్లలే. కోటుకు పేరు చీటీ, భుజాన గ్యాస్ మాస్కు పెట్టె. చాలా పల్లెల్లో వాళ్లను ఒక హాల్లో నిలబెడితే, ఊరివాళ్లు వచ్చి నచ్చినవాళ్లను ఎంచుకుని తీసుకెళ్లారు. చివరిదాకా ఎవరూ పిలవక అక్కడే నిలబడ్డ పిల్లవాడికి ఏ క్రమశిక్షణ అబ్బిందంటారు?

ఆ బాల్యంలో నిజంగా మెచ్చుకోవలసిన సంగతి ఒకటుంది, దాన్ని మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయరు. రేషను. 1940 జనవరిలో వెన్న, చక్కెర, బేకన్‌లతో మొదలై, 1942 జులైకల్లా మిఠాయిలకూ కూపన్లు వచ్చాయి. మిఠాయిల రేషను తీరా ఎత్తేసింది 1953లో. కానీ చిన్న పిల్లలకు పాలు, నారింజ రసం, కాడ్ లివర్ నూనె (చేప నూనె) ప్రభుత్వమే ఉచితంగానో తక్కువ ధరకో ఇచ్చింది. పేదవాడి బిడ్డకు అంతకు ముందెన్నడూ అంత వరసగా పాలు అందలేదు. వాళ్లను నిలబెట్టింది ఆ పాలసీసా. బాంబు కాదు.

అదే యుద్ధంలో, అదే చక్రవర్తి ఏలుబడిలో, 1943లో బెంగాల్‌లో లక్షల మంది తిండి లేక చనిపోయారు. 1942 ఏప్రిల్ 6న మన విశాఖ, కాకినాడల మీదా జపాన్ బాంబులు పడ్డాయి, జనం పిల్లల్ని చంకనేసుకుని పల్లెలకు పరుగెత్తారు. ఆ పిల్లల ధైర్యం గురించి ఏ గ్రూపులోనూ సందేశం తిరగదు. గ్రూపులో ఇదంతా రాస్తే "అంత సీరియస్ ఎందుకమ్మా" అన్నారు బాబాయి. ఎందుకంటే బాబాయ్, ఆ ఫార్వర్డ్ కింద మొదటి చప్పట్లు మీవే.