చైనా గడప తొక్కని చైనా

చైనా సంస్కృతి మీద ఎలక్ట్రానిక్ ఆల్బమ్ చేయాలనుకునే యువకులెవరూ నన్ను సలహా అడగలేదు. అది వాళ్ల ఖర్మ. అడక్కపోయినా చెప్పడం కాలమిస్టు ధర్మం కాబట్టి చెబుతున్నాను. ముందు పాస్‌పోర్టు బీరువాలో పెట్టి తాళం వేయండి. చైనా వెళ్లారా, పని చెడినట్టే.

ఇది నా బుర్రలో పుట్టిన సిద్ధాంతం కాదు. దీని మూలపురుషుడు గ్రీసు సంగీతకారుడు వాంగెలిస్. 1979లో పాలిడార్ కంపెనీ విడుదల చేసిన ఆయన ఆల్బమ్ పేరు 'చైనా'. ఒక్క ముక్క. నూరు కోట్లకు దగ్గరపడ్డ జనాన్ని, వేల ఏళ్ల చరిత్రను అలా ఒక అట్టపెట్టెలో సర్దేశాడు. అప్పటికి ఆయన చైనాలో కాలు పెట్టలేదు. లండన్‌లో మార్బుల్ ఆర్చ్‌కి దగ్గర్లో నెమో అని సొంత స్టూడియో ఉండేది. అక్కడ యమహా సీఎస్-80 అనే సింథసైజర్ (కరెంటుతో స్వరాలు పుట్టించే కీబోర్డు) ముందు కూర్చున్నాడు. దాని బరువు సుమారు వంద కిలోలు. దాని మీదికి చైనాను ఆవాహన చేశాడు. హనుమంతుణ్ణి చూసి రమ్మంటే కాల్చి వచ్చాడని మనం ఇప్పటికీ చెప్పుకుంటాం. ఈయన అసలు చూడకుండానే కట్టేశాడు. మరి దీన్నేమనాలి?

ముహూర్తం కూడా బ్రహ్మాండంగా కుదిరింది. ఆ ఏడు జనవరి 1న అమెరికా, కమ్యూనిస్టు చైనా దౌత్య సంబంధాలు మొదలుపెట్టాయి. నెల తిరిగేసరికి చైనా నాయకుడు డెంగ్ జియావోపింగ్ టెక్సాస్‌లో కౌబాయ్ టోపీ పెట్టుకుని ఫొటోలకు నవ్వాడు. సరిగ్గా అదే జనవరి 1న చైనా ఇంకో పని కూడా చేసింది. విదేశాలకు రాసే రాతల్లో తమ పేర్లను ఇకపై రోమన్ అక్షరాల్లో రాసే పిన్‌యిన్ పద్ధతిలోనే రాయడం అమల్లో పెట్టింది. ఆ పద్ధతిలో వాళ్ల దేశం పేరు 'ఝోంగ్వో'. ఆల్బమ్‌లో మొదటి పాట పేరేమిటో తెలుసా? 'చుంగ్ కువో'. అదే పేరుకు ఇంగ్లీషువాళ్ల పాత వర్ణక్రమం. ఇల్లు మారినవాడికి పాత చిరునామా మీద శుభలేఖ పంపినట్టు. వెళ్లి ఉంటే ఎవరో ఒకరు సరిదిద్దేవారు. అందుకే వెళ్లకూడదంటున్నాను.

ఇక కాలం సంగతి. మావో సేన 1934, 35ల్లో ఏడాది పొడవునా కొండలూ నదులూ దాటుకుంటూ వేల కిలోమీటర్లు నడిచింది. దాన్నే లాంగ్ మార్చ్ అంటారు. ఆ పేరుతో ఉన్న పాట ఇందులో రెండు నిమిషాలు. ఎడిటింగ్ అంటే ఇది. హిమాలయాలకు మాత్రం దాదాపు పదకొండు నిమిషాలిచ్చాడు, ఆపైన శిఖరం పేరుతో ఇంకో నాలుగున్నర. అంటే మనుషులు నడిచిన దూరానికి రెండు, మంచు ఊరికే పడి ఉన్నందుకు పదిహేను. హిమాలయాల్లో మనకూ వాటా ఉంది కనుక ఒక భారతీయుడిగా ఫిర్యాదు చేయను. ప్లమ్ పువ్వు పాటలో వయొలిన్ మోగుతుంది, వాయించినవాడు ఫ్రెంచివాడు. చైనాకు ఎర్హు అని రెండు తీగెల ఫిడేలు ఉంది కదా అంటారేమో. ఆ ప్రశ్న పడమటివాళ్లను అడగండి, నన్నెందుకు?

ఐదు స్వరాల సంగతి తెలుగువాళ్లు శ్రద్ధగా వినాలి. చైనావాళ్ల పాత స్వరాలు గోంగ్, షాంగ్, జ్యూయె, ఝి, యు. గోంగ్ నుంచి మొదలుపెడితే మనకు స, రి, గ, ప, ద. అంటే మోహన. సినిమాల్లో చైనావాడు కనబడగానే మోగే ఆ బాణీల వెనక ఉన్నది మన పెరట్లో చెట్టే. ఆ ఆల్బమ్‌లోంచి ఒక ముక్క మా పెద్దమ్మకు వినిపించాను. కళ్లు మూసుకుని ఆసాంతం విని, "మోహన బానే పట్టాడురా అబ్బాయ్, గమకమే లేదు. గురువు దగ్గర కూచున్నట్టు లేడు" అంది. చైనా అని చెప్పాను. "అయితే అయింది, సాధన ఉండద్దూ?" అంది. ఆమె విమర్శను మించింది నేనింతవరకు ఎక్కడా చదవలేదు.

నిజం ఒప్పుకుంటాను. ఇందులో ఒక చోట నా వ్యంగ్యం పనిచేయదు. ఎనిమిదో శతాబ్దపు కవి లీ బాయ్ పద్యం ఒకటి వాంగెలిస్ చదివిస్తాడు. సారా సీసాతో పూలమధ్య ఒంటరిగా కూర్చున్న కవి, తనూ తన నీడా చంద్రుడూ కలిసి ముగ్గురమయ్యామంటాడు. లండన్‌లో రాత్రిపూట స్టూడియోలో ఒక్కడే, చుట్టూ వెలుగుతున్న బల్బులు, గోడ మీద తన నీడ... చైనాకు అంతకంటే దగ్గరగా ఆయన ఎన్నడూ వెళ్లలేదనిపిస్తుంది. సరే, కాలమ్ గంభీరమైపోతోంది, ముందుకు పోదాం.

ఈ విద్యలో జపాన్‌వాళ్లు మరో మెట్టు ఎక్కారు. 1978లో టోక్యో బృందం ఎల్లో మ్యాజిక్ ఆర్కెస్ట్రా తొలి ఆల్బమ్‌లో 'ఫైర్‌క్రాకర్' అని ఓ బాణీ ఉంది. వింటే తూర్పు ఆసియా టపాకాయలన్నీ ఒకేసారి పేలినట్టుంటుంది. తీరా చూస్తే అది అంతకు దాదాపు ఇరవై ఏళ్ల క్రితం మార్టిన్ డెన్నీ అనే అమెరికన్ హవాయిలో ఉండి ఊహించుకున్న తూర్పు. అదే ఆల్బమ్‌లో 'చైనా స్త్రీ', 'తూర్పు గాలి' అనే అర్థాలొచ్చే పాటల పేర్లు ఫ్రెంచి దర్శకుడు గొదార్ సినిమాల నుంచి వచ్చాయి. అంటే పక్కింటి చైనాను టోక్యో కుర్రాళ్లు హవాయి, పారిస్ మీదుగా తెప్పించుకున్నారు. మన వీధి చివర బండి మీద గోబీ మంచూరియా తినేవాడెవడూ మంచూరియా ఎక్కడుందని అడగడు. వాళ్లెందుకు అడగాలి?

చైనా వెళితే ఏమవుతుందో ఫ్రాన్స్‌వాడు జాన్ మిషెల్ జార్ చూపించాడు. 1981 అక్టోబరులో సింథసైజర్లు, లేజర్లు మోసుకుని బీజింగ్, షాంఘైలకు పోయి ఐదు కచేరీలు చేశాడు. ఆయన యంత్రాలకు కరెంటు చాలక చుట్టుపక్కల పేటలకు సరఫరా ఆపారని కథలు చెబుతారు. చీకట్లో కూర్చున్నవాళ్ల అభిప్రాయం ఎవరూ రికార్డు చేయలేదు. 1982లో వచ్చిన రెండు రికార్డుల ఆల్బమ్‌లో ఒక పాటకు చైనా సంప్రదాయ వాద్యబృందాన్ని పక్కన కూచోబెట్టుకున్నాడు. సాయంకాలం ఇళ్లకు మళ్లే చేపల పడవల పాట అది, చైనావాళ్ల పాతదే. ఎంత తతంగం! ఇంత దూరం వెళ్లి వాళ్ల పాటే వాళ్లతో వాయించుకు రావడానికా?

అదే పడవల పాటను ఎలక్ట్రానిక్ ఆర్గాన్ మీద ఎక్కించే పనిని చైనా తనకు తానే చేసుకుంది. ఆల్బమ్ లేదు, విడుదల వేడుక లేదు, సంస్కృతి అన్న మాటే లేదు. 1980ల నుంచి చైనా ప్రభుత్వ టీవీలో రాత్రి వార్తల తర్వాత ఆ బాణీ మొదలవుతుంది. కోట్లమంది గిన్నెలు కడుగుతూనో, పిల్లల్ని చదువుకోమని కసురుతూనో వింటారు. దాని మీదుగా ఒక్కో ఊరి పేరూ వస్తూ పోతుంటుంది. బీజింగ్, హార్బిన్, షాంఘై. రేపు ఎండా వానా, గొడుగు తీసుకెళ్లాలా వద్దా.