కుక్కగాటు: సూదులకు తేదీలుంటాయి, భయానికి గడువే లేదు

ఇంట్లో పెంచుకునే కుక్కతో ఆడుతుంటే పన్ను చేతికి గీసుకుంటుంది. నెత్తురు వచ్చిందా రాలేదా అన్నంత చిన్న గీత. సబ్బుతో కడుక్కుంటారు, ఆస్పత్రికి వెళ్లి సూది వేయించుకుంటారు, మిగతా తేదీలు చీటీ మీద రాయించుకుని ఇంటికొస్తారు. వైద్యం సరిగ్గానే జరిగింది. కొందరికి అసలు కష్టం ఆ రాత్రే మొదలవుతుంది. గొంతులో ఏదో అడ్డం పడ్డట్టుంటుంది. రేబిస్ వస్తే నీళ్లు మింగలేరన్న మాట గుర్తొచ్చి, గ్లాసుడు నీళ్లు తాగి, మింగుడు పడుతోందో లేదో చూసుకుంటారు. అర్ధరాత్రి ఫోన్లో వెతుకుతారు. తెల్లారి ఇంకో డాక్టరు, ఇంకో అభిప్రాయం. గాటు మానిపోయి నెలలైనా ఈ తనిఖీ ఆగదు.

దీన్ని పిరికితనమని కొట్టిపారేయడం తేలిక. కానీ ఈ భయాన్ని సగం మన ప్రచారమే పెంచింది. లక్షణాలు మొదలయ్యాక రేబిస్ నుంచి బతికి బయటపడ్డవాళ్లు ప్రపంచంలోనే అతి కొద్దిమంది. ఆ మాట నిజం, గట్టిగా చెప్పాల్సిందే. 2025లో ఉత్తరప్రదేశ్‌లో కాలువలోంచి కుక్కపిల్లను బయటికి తీస్తూ కరిపించుకున్న ఒక కబడ్డీ ఆటగాడు, చిన్న గాటే కదా అని టీకా వేయించుకోక ప్రాణం పోగొట్టుకున్నాడు. అతని చివరి ఘడియల వీడియో దేశమంతా ఫోన్లలో తిరిగింది. ‘పిల్ల కుక్కకు రేబిస్ ఉండదు’ అన్న అపోహ ఎంత ప్రమాదకరమో దాంతో తెలిసొచ్చింది. అయితే అదే వీడియో, టీకాలన్నీ సక్రమంగా వేయించుకున్న మనిషిని కూడా నిద్రపోనివ్వలేదు. ఎప్పుడు భయపడాలో మనకు బాగానే నేర్పారు. ఎక్కడ ఆపాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

భయం పనికొచ్చేది మొదటి రోజున. గాయాన్ని ధారగా పడే నీటి కింద, సబ్బుతో, గడియారం చూసుకుని 15 నిమిషాలు కడగాలి. రేబిస్ వైరస్‌ పైన కొవ్వు పొర ఉంటుంది, సబ్బు దాన్ని ఛిద్రం చేస్తుంది. అందుకే సూది కంటే ముందు పని చేసేది ఈ కడగడమే. మనవాళ్లు చాలామంది రెండు చెంబులు కుమ్మరించి సరిపెట్టేస్తారు. తర్వాత క్రిములను చంపే పోవిడోన్ అయోడిన్ మందు రాయాలి. పసుపు, కారం, సున్నం, కాఫీ పొడి పెట్టకూడదు. అవి గాయాన్ని రేపుతాయే తప్ప వైరస్‌ను చంపవు.

ఆ తర్వాత గాటు ఏ తరగతిదో తేల్చుకోవాలి. చెక్కుచెదరని చర్మాన్ని కుక్క నాకితే అది మొదటి తరగతి, టీకా అవసరం లేదు. నెత్తురు రాని గీట్లు, పై చర్మం మీద చిన్నగా పళ్లు పడడం రెండోది, దానికి టీకా చాలు. పన్ను చర్మం దాటి దిగినా, నెత్తురు వచ్చినా, పచ్చి పుండు మీద గానీ కంట్లో, నోట్లో గానీ కుక్క లాలాజలం పడినా మూడోది. అప్పుడు టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే, ముందే తయారైన యాంటీబాడీల మందు) కూడా కావాలి. దాన్ని గాయం లోపల, చుట్టూ ఎక్కించాలి. మొదటి రోజే వేయించుకోవడం మంచిది. అప్పుడు దొరక్కపోతే, తొలి టీకా పడ్డ ఏడు రోజుల్లోపు వేయవచ్చు. ఆపైన టీకా వల్ల ఒంట్లోనే రక్షణ తయారవుతుంది కాబట్టి దాని అవసరం ఉండదు. నెత్తురు వచ్చిందో లేదో తేల్చుకోలేకపోతే ఆ సందేహం డాక్టరుతో చెప్పి పై తరగతిగానే చూడమనండి. తర్వాత నెలల తరబడి ‘ఒక చుక్క వచ్చిందేమో’ అని తలపోసుకునే బాధ తప్పుతుంది. ధనుర్వాతం రాకుండా వేసే టీటీ సూది సంగతి కూడా అదే రోజు తేల్చుకోవాలి.

భయానికి తర్వాతి మేత అంకెల తికమక. ప్రైవేటు ఆస్పత్రిలో ఐదు సూదులంటారు, సర్కారు దవాఖానలో నాలుగుసార్లు రమ్మంటారు. ‘మరి నాకు ఒకటి తగ్గించారా?’ అన్న అనుమానం పట్టుకుంటుంది. ఇవి రెండు వేర్వేరు పద్ధతులు. తొలి సూది పడ్డ రోజును 0గా లెక్కిస్తారు. కండలోకి ఇచ్చేదైతే 0, 3, 7, 14, 28 రోజుల్లో ఐదు మోతాదులు. చర్మం పొరల్లోకి ఇచ్చేదైతే 0, 3, 7, 28 రోజుల్లో, వెళ్లిన ప్రతిసారీ రెండు భుజాలకూ 0.1 మిల్లీలీటరు చొప్పున. చర్మంలో రక్షణ కణాలు దట్టంగా ఉంటాయి కనుక మందు తక్కువైనా ఫలితం తగ్గదు. సూది వేసినచోట చిన్న బుడిపె లేస్తే సరిగా పడ్డట్టే. లేవకపోతే అక్కడే నర్సుకు చెప్పాలి, పక్కన మళ్లీ వేస్తారు. కండలోకి ఇచ్చేటప్పుడు పెద్దవాళ్లకు భుజానికే వేయాలి, పిరుదుకు వేయకూడదు. అక్కడి కొవ్వులో మందు పట్టు తగ్గుతుంది. సెలవు వచ్చి ఒకటి రెండు రోజులు ఆలస్యమైతే మొదటినుంచీ మొదలుపెట్టక్కర్లేదు, ఆగినచోట నుంచి కొనసాగించాలి. హైదరాబాద్‌లో నల్లకుంట ఫీవర్ ఆస్పత్రికి, నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)కు కుక్కకాటు టీకాల కోసం వచ్చేవాళ్లలో, బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లన్న పాత భయం ఇంకా మోసుకొచ్చే పెద్దవాళ్లూ ఉంటారు. గొర్రె మెదడుతో చేసిన ఆ టీకాను మన దేశంలో ఎప్పుడో మానేశారు. పథ్యం కూడా లేదు. మాంసం, గుడ్డు, వంకాయ అన్నీ తినొచ్చు.

ఇక అన్నిటికంటే విలువైన అంకె పది. కుక్క, పిల్లి లాలాజలంలోకి వైరస్ వచ్చేది వాటికి రోగ లక్షణాలు కనిపించే ముందు కొద్ది రోజుల్లోనే. ఆ దశకు చేరిన జంతువు పది రోజుల్లోపు జబ్బు పడి చచ్చిపోతుంది. కాబట్టి కరిచిన పది రోజుల తర్వాత కూడా అదే కుక్క తింటూ, తిరుగుతూ ఉంటే, కరిచిన క్షణాన దాని లాలాజలంలో వైరస్ లేదు. ‘ఉండకపోవచ్చు’ అని కాదు, లేదనే. మిగిలిన సూదులు ఆపాలా వద్దా డాక్టరు చెబుతారు. ఆ కుక్క మూడు నెలలకు వేరే రోగంతో చనిపోయినా, బండి కింద పడినా మీ లెక్క మారదు. ఈ లెక్క కుక్కకూ పిల్లికీ మాత్రమే, కోతికి వర్తించదు. ఇంకో మాట, మన దేశంలో పది రోజులు చూసి అప్పుడు టీకా మొదలుపెడదామనుకోవడం తప్పు. టీకాకు టీకాయే, కాపలాకు కాపలాయే, రెండూ ఒకే రోజు మొదలవ్వాలి. పెంపుడు కుక్కకు ఏటా టీకా వేయించినా ఈ జాగ్రత్త డాక్టరు చెప్పేదాకా వదలకూడదు.

ఈ లెక్కలన్నీ తెలిసినా భయం ఎందుకు పోదు? సమాచారం కొరత వల్ల అనుకుంటాం గానీ, చాలాసార్లు సమాచారం ఎక్కువవడమే కారణం. ‘ఏం కాదులే’ అని అమ్మ అనగానే మనసు కుదుటపడుతుంది. అరగంటకు ‘అమ్మకేం తెలుసు’ అనిపిస్తుంది. డాక్టరు చెబుతారు, సాయంత్రం దాకా పనిచేస్తుంది. భరోసా అడిగిన ప్రతిసారీ మెదడు ‘అడగాల్సినంత ప్రమాదం ఉందన్నమాట’ అని రాసుకుంటుంది. రెండు రోజులకోసారి అడిగేవాళ్లు గంటకోసారి అడగడానికి వస్తారు.

ఒళ్లు కూడా ఇందులో భాగస్వామే. లాలాజలం లేకుండా వరసగా గుటకలు వేసి చూడండి, అయిదో ఆరో గుటక దగ్గర ఎవరికైనా కష్టమవుతుంది. భయపడ్డ మనిషి దాన్నే ‘నీళ్లు మింగుడు పడట్లేదు’ అనుకుంటాడు. కంగారులో వేగంగా ఊపిరి పీలిస్తే మూతి చుట్టూ, రెండు చేతుల వేళ్లకూ తిమ్మిరి ఎక్కుతుంది. మానుతున్న గాయం దురద పెడుతుంది, సూది పడ్డ భుజం లాగుతుంది. రేబిస్ నడక వేరు. అది మొదలయ్యాక వచ్చిపోతూ ఉండదు, రోజురోజుకూ ముదిరి కొద్ది రోజుల్లోనే మనిషిని పడేస్తుంది. మూడు నెలలుగా ఆఫీసుకు వెళ్తూ, రాత్రిళ్లు మాత్రమే గొంతు పట్టేస్తోందంటే అది ఆందోళన పని.

ఈ వలయాన్ని తెంచడానికి చేయాల్సింది ఒకటే, తనిఖీ తగ్గించడం. ఒక డాక్టరు, ఒక చీటీ. కరిచిన తేదీ, గాటు తరగతి, వేసిన మందులు, కుక్కను చూసిన పదో రోజు తేదీ ఒకే కాగితం మీద రాసుకోవాలి. ప్రశ్న వచ్చినప్పుడు ఫోన్ కాదు, ఆ కాగితం చదవాలి. వెతకాలన్న ఉబలాటం వస్తే పది నిమిషాలు వాయిదా వేయాలి, వారం తర్వాత ఇరవై. భయం అలలా లేచి, పట్టించుకోకపోతే దానంతటదే దిగుతుందని ఒళ్లు నేర్చుకునేది ఈ వాయిదాలోనే. నీళ్లు దాహమైనప్పుడు తాగాలి, పరీక్ష కోసం తాగకూడదు. ఇంట్లోవాళ్లు ‘ఏం కాదు’ అన్న జవాబు మానేసి, ‘నీకు భయంగా ఉందని తెలుసు, కాగితంలో రాసుందిగా’ అని ఊరుకోవాలి. మొదట్లో అది కర్కశంగా అనిపిస్తుంది, ముఖ్యంగా అమ్మలకు.

భయం తీరక మళ్లీ మళ్లీ పూర్తి కోర్సు వేయించుకునేవాళ్లున్నారు. ఒకసారి కోర్సు పూర్తయ్యాక మూడు నెలల్లోపు మళ్లీ గీటు పడితే కడగడం చాలు, తర్వాతైతే 0, 3 రోజుల్లో రెండు మోతాదులే, ఇమ్యునోగ్లోబులిన్ అక్కర్లేదు. దీనికి పూర్తిగా ఎదురు కేసు ఒకటుంది. ఆరు నెలల కిందట వీధికుక్క కరిచింది, కుక్క ఏమైందో తెలీదు, టీకా వేయించుకోలేదు. అలాంటివాళ్లు నెమరేసుకుంటూ కూర్చోకుండా ఇప్పుడైనా కోర్సు మొదలుపెట్టాలి. ఆలస్యమైందని టీకా నిరాకరించకూడదు.

విచిత్రమేమిటంటే, ఇంత భయపడేవాళ్లు కూడా పక్కనే ఉన్న అసలు ముప్పును చూడరు. చేతి వేళ్ల మీద పిల్లి కాటు సూదిలా లోతుకు దిగి, పైకి చిన్న చుక్కలా కనిపిస్తుంది. ఒక రోజులోపే ఎర్రబడి, వాచి, వేలు మడవనీయకుండా చేసేది పిల్లి నోట్లోని బ్యాక్టీరియా. దానికి ఆ రోజే యాంటీబయాటిక్ కావాలి. షుగర్ ఉన్నవాళ్లు అసలు ఆగకూడదు.

సూదుల గడువు ముగిసి, కుక్క పది రోజులు దాటాక కూడా రోజులో గంటలు ఈ ఆలోచనకే పోతుంటే, వెళ్లాల్సింది మరో టీకా కేంద్రానికి కాదు, మానసిక వైద్యుడి దగ్గరికి. ఆలోచనా ధోరణిని మార్చే చికిత్స, అవసరమైతే మందులు దీనికి బాగానే పనిచేస్తాయి. 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరుకు ఎప్పుడైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఇక ఆస్పత్రులు ఖర్చు లేకుండా చేయగల పని ఒకటుంది. కుక్కకాటు ఓపీ చీటీ మీద సూదుల తేదీల కింద మరో రెండు వరుసలు అచ్చు వేయించడం: ‘కుక్క/పిల్లి పదో రోజున ఆరోగ్యంగా ఉంది: అవును/కాదు’, ‘చికిత్స పూర్తయింది, ఈ కాటుకు ఇక పరీక్షలు, టీకాలు అవసరం లేదు’. కింద డాక్టరు సంతకం, తేదీ.