కుర్చీ టాస్‌తో రాదు

"టెన్నిస్‌లో మీకు తెలియని రూల్స్" అంటూ ఒక మెసేజ్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. టాస్ గెలిచినవాళ్లే విరామంలో కూర్చునే కుర్చీ ఎంచుకుంటారట. ఆటగాళ్లు కోర్టులో అటూ ఇటూ వైపు మారినప్పుడల్లా రెండు నిమిషాలు కూర్చోవచ్చట. అలా మారేటప్పుడు నెట్ దగ్గర పై ర్యాంకువాళ్లు ముందు దాటాలట. కోచ్‌తో మాట్లాడితే పెనాల్టీ అట. కుర్చీ వెనక గార్డు నిలబడేది డాబు కోసమట. ఐదూ తప్పే.

టాస్ గెలిస్తే సర్వీసో రిసీవో చెప్పొచ్చు, లేదా కోర్టులో ఒక వైపు కోరొచ్చు, అదీ కాదంటే ఎంపిక ఎదుటివాళ్లకే వదిలేయొచ్చు. కుర్చీ ఊసే లేదు. ఆ మాటకొస్తే టాస్ వేసేసరికే బ్యాగులు కుర్చీల పక్కన దిగిపోయి ఉంటాయి, అంపైర్‌కు అటొకటి ఇటొకటి. ఆట మధ్యలో వైపు మారినా కుర్చీ మారదు.

120 సెకన్లు దొరికేది సెట్ ముగిశాకే. మామూలుగా వైపు మారేటప్పుడు 90. అదీ పాయింట్ ముగిసిన క్షణం నుంచి తర్వాతి సర్వీస్ కొట్టేదాకా లెక్క. 60 కాగానే అంపైర్ "టైమ్" అనేస్తారు. కుర్చీ దాకా నడక తీసేస్తే మొహం తుడుచుకుని, రెండు గుక్కలు తాగి, అరటిపండు కొరికేలోపు అయిపోతుంది. ప్రతి సెట్‌లో మొదటి గేమ్ తర్వాత, టైబ్రేక్ (6-6 అయ్యాక సెట్ తేల్చే గేమ్) మధ్యలో అయితే ఆ కాస్త విరామమూ లేదు.

నెట్ పోస్ట్ దగ్గర ర్యాంకుతో పనిలేదు. అక్కడ నడిచేది మర్యాదే. నంబర్ వన్‌గా ఉన్నప్పుడు కూడా నాదల్ ఎదుటి ఆటగాడు దాటేదాకా ఆగేవాడు (అది మర్యాదో, బాటిళ్లు వరసగా పేర్చుకోవడంలాంటి అలవాటో ఆయనకే తెలియాలి). 1997 యూఎస్ ఓపెన్ సెమీస్‌లో వీనస్ విలియమ్స్, ఇరినా స్పిర్లియా ఇద్దరూ తగ్గలేదు. భుజాలు ఢీకొన్నాయి, పెద్ద రచ్చయింది.

కోచ్ సంగతి పాతబడిపోయింది. 2025 నుంచి ఐటీఎఫ్ (అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య) నిబంధనలే స్టాండ్స్‌లోంచి కోచింగ్‌ను అనుమతిస్తున్నాయి. దేశాల జట్లు తలపడే డేవిస్ కప్‌లో అయితే కెప్టెన్ కోర్టు పక్కనే కూర్చుని సలహాలివ్వడం ఎప్పటినుంచో ఉంది.

గార్డు గురించి రాసింది చదివితే మాత్రం ఒళ్లు మండింది. 1993 ఏప్రిల్ 30, హాంబర్గ్. మోనికా సెలెస్ 6-4, 4-3తో ముందుంది. వైపు మారే విరామంలో కుర్చీలో కూర్చుంది, ముఖం కోర్టు వైపు, వీపు జనం వైపు. ఒకడు వెనక నుంచి వచ్చి కత్తితో పొడిచాడు. అప్పటికి ఆమె నంబర్ వన్, వయసు 19. మళ్లీ టోర్నీ ఆడింది 1995 ఆగస్టులో. ఈసారి మ్యాచ్ చూసేటప్పుడు విరామంలో ఆ గార్డు ఎటు చూస్తుంటాడో గమనించండి. స్టార్ వైపు కాదు, స్టాండ్స్ వైపు.