కోతకు కంప్యూటర్, బకాయికి కమిటీ

మన ప్రభుత్వాలకు జ్ఞాపకశక్తి లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. జిల్లా దాటి బదిలీ అయిన గుమస్తాను అడగండి. ఆయన సామాను ఇంకా లారీలోనే ఉంటుంది. ఆయన బాకీలు మాత్రం ఎల్పీసీ (పాత ఆఫీసు ఇచ్చే చివరి జీతం సర్టిఫికెట్) ఎక్కి, కొత్త ఆఫీసులో జీతాల బిల్లు చేసే అధికారి డీడీవో బల్ల మీద ముందే హాజరు వేయించుకుంటాయి. సొసైటీ అప్పు, పండగ అడ్వాన్సు, కోర్టు అటాచ్‌మెంటు (జీతం జప్తు)... ఒక్కటీ దారి తప్పదు.

ఆఫీసే లెక్క తప్పి ఎక్కువ జీతం ఇచ్చిందనుకోండి, అదీ ఉద్యోగి బాకీయే. 2014లో రఫీక్ మసీ కేసులో సుప్రీంకోర్టు దీనికి అడ్డుపడింది. కింది స్థాయి గ్రూప్ సి, డి ఉద్యోగుల దగ్గర, రిటైరైనవాళ్ల దగ్గర అలా వసూలు చేయొద్దంది. 2016లో ఇంకో తీర్పు వచ్చింది: ఎక్కువ వస్తే తిరిగి కడతానని ముందే రాసిచ్చినవాళ్లు కట్టాల్సిందే. ఇంకేం, జీతం ఫిక్స్ చేసే రోజే హామీపత్రం మీద సంతకం పెట్టించుకుంటే సరి. తప్పు చేయబోయేది ఆఫీసు, పూచీ ఉద్యోగిది. ఇంత ముందుచూపు వరదల విషయంలో ఉంటే ఎంత బాగుండేది!

అన్నిటికన్నా నాకు ముచ్చటేసింది తెలంగాణ ఆర్టీసీ. కార్మికుల జీతాల్లోంచి వాళ్ల సహకార పరపతి సంఘానికని నెలనెలా కోశారు. కోత కోసినట్టే ఉంది, సొమ్ము మాత్రం సంఘానికి చేరలేదు. పాపం, సంఘం 2019లో హైకోర్టుకెక్కింది. కోసింది కోసినట్టు పే స్లిప్పులో పద్ధతిగా చూపించారు కదా, అంతకుమించి పారదర్శకత ఏం కావాలి?

మరి ప్రభుత్వమే బాకీ పడితే? 2020లో కరోనా పేరుతో ఆంధ్రప్రదేశ్‌లో ఆపిన జీతాలకు హైకోర్టు 12 శాతం వడ్డీ కట్టమంది. సర్కారు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 6 శాతానికి తగ్గించుకుంది. బాకీదారు బేరమాడొచ్చని ఉద్యోగులకు అప్పుడే తెలిసింది. డీఏ బకాయిల సంగతి ఎత్తను, కమిటీ పనిలో ఉండొచ్చు.

నాదో చిన్న ప్రతిపాదన. ఉద్యోగికి రావాల్సింది సర్కారు ఆదాయంలోంచి నేరుగా కోసుకోనివ్వాలి. మనం కఠినులం కాదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ జీతగాడికి జప్తు నుంచి ఇచ్చే రక్షణే సర్కారుకూ ఇద్దాం. మొదటి 1000 రూపాయలు, మిగతాదాంట్లో మూడింట రెండొంతులు ముట్టుకోవద్దు. బిల్లు ట్రెజరీకి పంపితే ఆబ్జెక్షన్ రాసి తిప్పి పంపుతారని తెలుసు: 'ఉద్యోగి నో డ్యూ సర్టిఫికెట్ జతపరచలేదు.'