స్కాన్ కంటే ముందు స్విచ్‌ని అడగండి
నెట్‌వర్క్ మొత్తాన్ని ఒకసారి స్కాన్ చేస్తే, అంటే ప్రతి అడ్రస్‌కీ ప్రశ్నలు పంపి జవాబులు చూస్తే, ఏ పరికరం ఎక్కడుందో నిమిషాల్లో తేలిపోతుందని ఒక వ్యాసంలో చదివాను. తేలుతుంది, నిజమే, కానీ అవతలి పరికరం దాన్ని తట్టుకోవాలిగా! నేను ఒకసారి ఆఫీసులో పరికరాల్లో నడిచే సర్వీసుల (ప్రోగ్రాముల) వెర్షన్లు కూడా కనుక్కుందామని స్కాన్ పెడితే, మూలనున్న పాత ప్రింటర్ ఉన్నట్టుండి లేచి అర్థంపర్థం లేని అక్షరాలతో కాగితం మీద కాగితం కక్కింది. ప్రింటర్ డేటా అందుకునే 9100 నంబరు పోర్టుకి ఏది వచ్చినా దానికి ప్రింట్ జాబే మరి. అప్పట్నుంచి ముందు పరికరాల తీగలన్నీ వచ్చి కలిసే స్విచ్‌లోని మ్యాక్ టేబుల్ (పరికరాల హార్డ్‌వేర్ అడ్రస్‌ల జాబితా) చూస్తున్నాను. స్విచ్ మీది ఏ పోర్టులో (తీగ పెట్టే సాకెట్‌లో) ఏ అడ్రస్ ఉందో అక్కడే కనిపిస్తుంది. అడ్రస్‌లో మొదటి ఆరు అక్షరాలను బట్టి తయారుచేసిన కంపెనీ ఏదో చాలావరకు తెలిసిపోతుంది. పరికరానికి మనం ఒక్క ప్యాకెట్ కూడా పంపక్కర్లేదు. చిక్కల్లా ఒకటే: చాలా స్విచ్‌లలో పరికరం నుంచి 300 సెకన్లు ఉలుకూ పలుకూ లేకపోతే ఆ ఎంట్రీ చెరిగిపోతుంది. అందుకే నాలుగు నిమిషాలకోసారి టేబుల్‌ని సేవ్ చేసే చిన్న స్క్రిప్ట్ రాసుకున్నాను. ఎల్‌ఎల్‌డీపీ (పక్క పరికరానికి తమ వివరాలు చెప్పుకునే పద్ధతి) ఆన్‌లో ఉన్న ఐపీ ఫోన్లు, స్విచ్‌లైతే మామూలుగా 30 సెకన్లకోసారి తామెవరో తామే చెప్పుకుంటాయి, వాటితో గొడవే లేదు.