పైసలు ఎటు పోయాయి?

(ఇందుకూరుపేట దగ్గర మా ఊరు. అన్నది చెన్నైలో ఏడేళ్లుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. భోగికి ముందురోజు పినాకినిలో నెల్లూరు దిగాడు. నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్, మ్యాథ్స్ రెండూ కలిసిన కోర్సులో మూడో ఏడాది. వచ్చే సెమిస్టర్‌కి క్లౌడ్ కంప్యూటింగ్ తీసుకోవాలా, నంబర్ థియరీ, అంటే పూర్ణాంకాల గణితం, తీసుకోవాలా అన్నది సోమవారం లోపల తేల్చి చెప్పాలి. మిద్దె మీద, నాన్న మేత కొట్టు ఖాతా పుస్తకం మధ్యలో పెట్టుకుని వాదించుకున్నాం. నా మాటలు కాస్త ఎక్కువే రాసి ఉంటాను గానీ, అన్న మాటల్లో బలం మాత్రం తగ్గించలేదు.)

అన్న: క్లౌడ్ తీసుకో పాపా. ఇంటర్వ్యూలో నంబర్ థియరీ ఎవరడుగుతారు? ఈ ఏడేళ్లలో నేను ఒక్క ఇంటిగ్రేషన్ చేసిన పాపాన పోలేదు. పొద్దున లేస్తే ఇంకొకరు రాసిన కోడ్ చదవడం, కస్టమర్‌కి అసలేం కావాలో కనుక్కోవడం, టెస్టులు రాయడం. మా పనంటే ఇదే.

నేను: కాదనడం లేదన్నా. 1968లో జర్మనీలోని గార్మిష్‌లో పెద్ద సమావేశం పెట్టి, సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ అనే పేరును ముందుకు తెచ్చింది కూడా అందుకే. ప్రోగ్రాములు గడువు దాటుతున్నాయి, ఖర్చు దాటుతున్నాయి, తప్పులతో వస్తున్నాయి అని. ఆ సగం నాకూ ఇష్టమే. రెండో సగం ఎందుకు వదలమంటున్నావో చెప్పు.

అన్న: ఎందుకా? రియల్ అనాలిసిస్ అనే మ్యాథ్స్ పేపర్‌లో బ్యాక్‌లాగ్ వచ్చిందని తెలిసి అమ్మ రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. నువ్వు ఆ పేపర్ మళ్లీ చదువుకుంటున్న వేసవిలోనే నీ స్నేహితులు ఇంటర్న్‌షిప్‌లకి వెళ్లారు.

నేను: (ఈ మాటకి గొంతు పట్టేసింది.) నిజమే. ఇంటర్‌లో లెక్కల్లో 75కి 75 తెచ్చుకున్నదాన్ని. అక్కడ జవాబు వస్తే చాలు. ఇక్కడ మొదటి నెలలోనే, ఎప్సిలాన్ అనే తేడా ఎంత చిన్నదిచ్చినా దానికి తగ్గ డెల్టా అనే దూరం చూపించు, ఏ షరతు మీద చూపిస్తున్నావో కూడా రాయి అన్నారు. జవాబు తెలిసిన లెక్కకే సున్నా వచ్చేది. హాస్టల్‌లో ఏడ్చిన రాత్రులున్నాయి. కానీ ఆ షరతుల గొడవే ఈ పుస్తకం దగ్గర నాకు పనికొచ్చింది. ఈ పేజీ చూడు.

(మా టీమ్ ప్రాజెక్టుకి నాన్న కొట్టు అప్పుల లెక్క చూసే యాప్ చేశాం. మేత బస్తాలు తీసుకెళ్లిన రైతులు రొయ్యలు పట్టాక కడతారు, వడ్డీతో. ఏడాది చివర యాప్ చూపిన మొత్తానికీ నాన్న చేత్తో కూడిన మొత్తానికీ 11 పైసలు తేడా వచ్చింది. నాన్న ఆ పేజీలో ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి పెట్టాడు.)

అన్న: డబ్బుని ఫ్లోట్‌లో, అంటే దశాంశాల్ని ఉజ్జాయింపుగా ఉంచే సంఖ్యల రకంలో దాచారు, అంతే గదా.

నేను: అంతే. అదీ సింగిల్ ఫ్లోట్, వాటిలో చిన్న రకం. మొత్తం 2,62,144 దాటాక అందులో దాచగల పక్కపక్క సంఖ్యల మధ్య ఎడం 3 పైసలకి పైనే ఉంటుంది. మన మొత్తం 3 లక్షల 84 వేలు. మధ్యలో పడ్డ పైసలు ఏదో ఒక పక్కకి జరిగిపోతాయి. ఆ ఎడం ఎంతో కాగితం మీద వేసి చూపించింది నేను. టీమ్‌లో మిగతా ముగ్గురూ మూడు రోజులు బటన్ల కోడ్‌లో వెతికారు.

అన్న: డబ్బుని పైసల్లోకి మార్చి పూర్ణాంకంగా దాచమని నాకు ఉద్యోగంలో చేరిన నెలలోనే టీమ్ లీడ్ చెప్పాడు. ఒక్క వాక్యం. దానికి మూడేళ్ల మ్యాథ్స్ ఎందుకు?

నేను: ఆ వాక్యం కూడికకి సరిపోతుంది. వడ్డీ సంగతి? 2,347 రూపాయల అప్పుకి రూపాయిన్నర వడ్డీ అంటే నెలకి 35 రూపాయల 20న్నర పైసలు. ఆ అర పైసా ఎటు వేస్తావు? మా కోడ్‌లో ఎప్పుడూ పైకే. వందకి పైగా ఖాతాలు, నెల నెలా పైకే. చిన్న మొత్తమే, కానీ ప్రతిసారీ రైతు జేబులోంచే పోతుంది. నాన్నకి తెలిస్తే ఒప్పుకుంటాడా?

అన్న: ఒప్పుకోడు. కానీ అర పైసల మీద అంత టెన్షన్ ఎందుకు?

నేను: వాంకోవర్ స్టాక్ ఎక్స్ఛేంజ్ వాళ్లదీ చిన్న మొత్తమే. 1982 జనవరిలో సూచీని 1000 దగ్గర మొదలుపెట్టారు. లావాదేవీ జరిగినప్పుడల్లా మళ్లీ లెక్కగట్టి, మూడు దశాంశ స్థానాల తర్వాతది కోసేశారు. ఎప్పుడూ కిందికే. 1983 నవంబరుకి సూచీ 524 చూపించింది. సరిచేసి లెక్కిస్తే 1098 పైన తేలింది.

అన్న: (కాసేపు పుస్తకం తిరగేసి) సరే, నేనూ ఒకటి చెబుతా. బైనరీ సెర్చ్, అంటే వరసలో పెట్టిన జాబితాని ప్రతిసారీ సగం చేసుకుంటూ వెతకడం. 1986లో వచ్చిన పేరున్న పుస్తకంలో అది సరైనదేనని నిరూపణతో సహా ఇచ్చారు. అదే పద్ధతి జావా అనే ప్రోగ్రామింగ్ భాష లైబ్రరీలోకి వచ్చింది. మొదలునీ చివరనీ కూడి రెండుతో భాగిస్తే మధ్య స్థానం. ఆ కూడిక అక్కడి పూర్ణాంకం పట్టగల హద్దు 2,14,74,83,647 దాటితే రుణసంఖ్య అయిపోతుంది. ఆ సంగతి 2006లో గానీ బయటపడలేదు. నీ నిరూపణ ఏం కాపాడింది?

(దీనికి నా దగ్గర వెంటనే జవాబు లేదు. కింద అమ్మ అరిసెల పాకం చూడమని పిలిచింది, వెళ్లి వచ్చాను. ఇప్పటికీ అన్న వాదనలో నాకు గట్టిగా తగిలింది ఇదే.)

నేను: నిరూపణ తప్పు కాదన్నా. పూర్ణాంకాలకి హద్దు లేదన్న షరతు మీద అది నిజం. యంత్రంలో హద్దు ఉంది. ఆ షరతు ఎవరూ పైకి రాయలేదు. రాయనందుకే నాకు బ్యాక్‌లాగ్ వేశారు.

అన్న: అంటే టెస్టులు అక్కర్లేదా?

నేను: కావాలి. నిరూపణ ఉందని టెస్టు మానేస్తే ఇలాగే అవుతుంది. అది నువ్వు చెప్పాకే నాకు తట్టింది, ఒప్పుకుంటున్నా.

అన్న: నంబర్ థియరీ మాత్రం ఎందుకు? నిజం చెప్పు.

నేను: 1977 నాటి ఆర్‌ఎస్‌ఏ రహస్య సంకేతాల వెనక 18వ శతాబ్దంలో గణితవేత్త ఆయిలర్ నిరూపించిన సిద్ధాంతం ఉంది. ఇంటర్వ్యూలో అడిగితే అది చెబుతా. నీకు మాత్రం నిజం చెబుతా, నాకు ఇష్టం. క్లౌడ్ నువ్వు సెలవుల్లో నేర్పగలవు. ఇది నాకు ఇంకెవరూ నేర్పరు.

అన్న: నేర్పుతా. మీ యాప్‌కి వడ్డీ టెస్టులు ఎన్ని రాశారు?

నేను: నాలుగు.

అన్న: నలభై రాయి. రేపు భోగిమంట అయ్యాక చూస్తా. ఆ 2,347 మొదట పెట్టు.